జూడో, ఎస్క్రిమా కలిపి నేర్పుతామనే ప్యాకేజీల విషయంలో జాగ్రత్త

హైదరాబాద్ పశ్చిమ శివారులో ఒక వాణిజ్య భవనపు పై అంతస్తులో నడుస్తున్న శిక్షణ కేంద్రం జూడోను, ఫిలిప్పీన్స్ కర్రసామైన ఎస్క్రిమాను కలిపి ఏడాది ప్యాకేజీగా అమ్ముతోంది. మా అబ్బాయిని అందులో చేర్పించి, మొత్తం రుసుము ముందే కట్టి, మధ్యలోనే మాన్పించవలసి వచ్చింది. ఇటువంటి చోట పిల్లలను చేర్చాలనుకుంటున్న తల్లిదండ్రుల కోసం ఈ వివరాలు రాస్తున్నాను.

జూడోలో ఎవరికైనా మొదట నేర్పవలసినది పడటం. గడ్డాన్ని ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా, చేతితో చాపను చరుస్తూ పడే ఆ అభ్యాసాన్ని ఉకేమి అంటారు. అది ఒంటబట్టే వరకు మంచి గురువులు కొత్తవారిని పట్లు వేయనివ్వరు. ఇక్కడ మాత్రం మొదటి వారంలోనే పిల్లలచేత 'ఓసోతో-గారి' అనే పట్టు వేయించారు. ఎదుటివాడి కాలిని వెనుక నుంచి తన కాలితో ఊడ్చి వెల్లకిలా పడవేసే పట్టు అది. జపాన్ పాఠశాలల్లో 1983 నుంచి దాదాపు మూడు దశాబ్దాలలో జూడో సాధన చేస్తూ వందమందికి పైగా విద్యార్థులు మరణించారు. వారిలో చాలామంది తలకు దెబ్బ తగిలిన కొత్తవారే కాగా, ప్రమాదానికి దారితీసిన పట్లలో 'ఓసోతో-గారి' పేరు తరచుగా వినిపిస్తుంది. జూడోకు వాడే తాతామి చాపలు నాలుగైదు సెంటీమీటర్ల మందాన, కింద జారకుండా ఉండాలి. ఈ కేంద్రంలో పరచినవి చిన్నపిల్లల ఆటగదుల్లో వేసే పలుచని ఫోమ్ పలకలు. పడటం రాని మా అబ్బాయి అరచేతిని నేలకు ఆనించి పడ్డాడు. మణికట్టు ఎముక చిట్లింది.

ఎస్క్రిమా సంగతీ అంతే. ఆర్నిస్, కాళి అనే పేర్లూ ఉన్న ఈ విద్యను ఫిలిప్పీన్స్ 2009లో చట్టం చేసి తమ జాతీయ యుద్ధకళగా, జాతీయ క్రీడగా ప్రకటించుకుంది. దీని సాధనకు సుమారు 28 అంగుళాల పేము కర్ర వాడతారు, ఎందుకంటే పేము దెబ్బలకు పీచులుగా విడుతుందే తప్ప ముక్కలై ఎగరదు. కిట్ పేరుతో మాకు అంటగట్టినవి రంగు పూసిన మామూలు కర్రలు. జంట కర్రలతో చేసే సినవాలి సాధనలో ఒకటి విరిగి, దాని కొన పక్క వరుసలోని పిల్లవాడి చెవి పక్కగా దూసుకుపోయింది. తలకు రక్షణ గానీ, చేతికి తొడుగు గానీ ఎవరికీ లేవు. మన పల్లెల్లో కర్రసాము నేర్పే పెద్దలు ఏ కిట్టూ అమ్మకుండానే ఇంతకంటే జాగ్రత్తగా ఉంటారు.

అన్నిటికంటే నన్ను బాధించింది ధ్రువపత్రాల వ్యవహారం. బెల్టు పరీక్షకు విడిగా డబ్బు తీసుకుని, ఆ పత్రం క్రీడాకోటాలో ఉద్యోగానికి పనికివస్తుందని చెబుతున్నారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడాకోటాలో చూసేది గుర్తింపు పొందిన అంతర్జాతీయ, జాతీయ, విశ్వవిద్యాలయ, పాఠశాల స్థాయి పోటీల పత్రాలను. వాటిని జారీ చేసేది ఆయా సమాఖ్యలు, విశ్వవిద్యాలయాలు, విద్యాశాఖ అధికారులు. ప్రైవేటు కేంద్రం సొంతంగా అచ్చువేసుకున్న బెల్టు పత్రానికి అక్కడ విలువ లేదు. గురువుగారు ఏ రాష్ట్ర సంఘంలో నమోదయ్యారని, ఆయన బ్లాక్‌బెల్టును ఎవరు ఇచ్చారని అడిగితే నాకు సూటిగా జవాబు రాలేదు.

మిగిలిన నెలల రుసుము తిరిగి ఇమ్మంటే, "కట్టిన డబ్బు వాపసు ఇవ్వబడదు" అని రసీదు వెనుక చిన్న అక్షరాలతో అచ్చువేసిన వాక్యాన్ని చూపించారు. ఆ ఒక్క వాక్యంతో మన హక్కు తీరిపోదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము కూడా ఉండదు. రసీదు, కరపత్రం, వైద్యుడి చీటీ, వాట్సాప్ సందేశాలు జతపరిచి నేను ఫిర్యాదు నమోదు చేశాను. ఇదే కేంద్రంలో డబ్బు కట్టినవారు ఎవరైనా ఉంటే, కాగితాలేవీ కేంద్రానికి తిరిగి ఇచ్చేయకుండా మీ వద్దే ఉంచుకోండి.