2024-25 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) సీజన్: ఎవరి ఆట చూడాలి?
నిద్ర చెడగొట్టుకుని మరీ చూడదగ్గ టీమ్ ఏదంటే నా ఓటు ఇండియానా పేసర్స్‌కే. ఓక్లహోమా సిటీ 68 మ్యాచ్‌లు నెగ్గింది, ఫైనల్స్‌లో వీళ్లనే ఓడించి టైటిల్ కొట్టింది, కాదనను, కానీ చూడ్డానికి మజా పేసర్స్‌దే. బంతి ఒకరి చేతిలో ఆగదు, అవతలివాళ్లు పాయింట్ కొట్టిన మరుక్షణమే పరుగు మొదలు. న్యూయార్క్ నిక్స్‌తో ఈస్ట్ ఫైనల్స్ (లీగ్ తూర్పు విభాగం ఫైనల్) మొదటి మ్యాచ్ ఒక్కటి చూడండి చాలు: మూడు నిమిషాలు కూడా లేవు, పేసర్స్ 14 పాయింట్లు వెనక, వాళ్ల నెస్మిత్ త్రీల (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్ల) మీద త్రీలు కొట్టాడు, చివర్లో వాళ్ల హాలిబర్టన్ వేసిన బంతి బుట్ట రిమ్‌కి తగిలి నిట్టనిలువుగా పైకి లేచి, అందరూ నోరెళ్లబెట్టి చూస్తుండగా, లోపల పడింది. గెలిచేశామనుకుని అతను గొంతు పట్టుకుని సంబరం కూడా చేసేశాడు, తీరా చూస్తే కాలు త్రీ గీత మీదుంది, రెండే పాయింట్లు, స్కోరు సమమై ఓవర్‌టైమ్ (అదనపు సమయం)! అందులో గెలిచారనుకోండి.

తర్వాత డెన్వర్, అదీ కేవలం యోకిచ్ పాసుల కోసం. పెద్దగా ఎగరడు, పరిగెత్తడు, అయినా సీజన్ మొత్తమ్మీద సగటు ట్రిపుల్ డబుల్ (పాయింట్లు, అందుకున్న రీబౌండ్లు, పాయింట్లు తెచ్చిన పాసులు, మూడూ రెండంకెల్లో)!

బాస్టన్ మంచి టీమే గానీ, టూల కన్నా త్రీలే ఎక్కువ వేసే ఆట నాకు బోర్. క్లీవ్‌లాండ్ మొదటి 15 మ్యాచ్‌లూ వరసగా గెలిచినప్పుడు భలే సరదాగా ఉండేది, ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ దశలో) పేసర్స్ చేతిలోనే చతికిలపడింది.