‘కూటమి’ మూలాలు వెతకడానికి షికాగో ఆన్‌లైన్ నిఘంటువులు

ఎన్నికలొస్తే పొత్తు, కూటమి రోజూ వినపడే మాటలే. వాటి పుట్టుక తేల్చుకోవాలంటే షికాగో విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టిన దక్షిణాసియా నిఘంటువులు చాలా గట్టి ఆధారం. తెలుగుకు అక్కడ మూడు ముఖ్యం: బ్రౌన్ నిఘంటువు 1903 కూర్పు, గ్విన్ 1991లో తెచ్చిన నిఘంటువు, మాటల పుట్టుక చెప్పే బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు.

బ్రౌన్‌లో చాలామంది బోల్తాపడేది పదం చివర. ‘సంకీర్ణం’ అని కొట్టి లేదనుకుంటారు. ఆయన పద్ధతి ‘సంకీర్ణము’. ‘ము’ చేర్చినా రాకపోతే ఆరోపాలను (నిఘంటువులో అర్థం ముందు ఇచ్చే ప్రధాన పదాలను) వదిలి మొత్తం పాఠంలో వెతకాలి, ఎందుకంటే చాలా మాటలను ఆయన మూలపదం కిందే సర్దేశాడు. అర్థాలు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు మాటతోనూ వెనక్కి రావచ్చు.

అసలు సరుకంతా వ్యుత్పత్తి నిఘంటువులోనే. అందులో తెలుగు లిపి ఉండదు, మాటలన్నీ రోమన్ అక్షరాల్లో ఉంటాయి. ‘కూడు’ దగ్గర జాగ్రత్తపడాలి. అన్నం అనే కూడుది వేరే మూలం, తమిళ ‘కూళ్’ దాని చుట్టం. మనకు కావలసింది ‘చేరు, కలియు’ అనే కూడు. కూడలి, కూటము, తమిళ కూటల్, కన్నడ కూట అన్నీ ఆ గుంపువే. ఓడు నుంచి ఓటమి వచ్చినట్టే కూడు నుంచి కూటమి. డకారం టకారమైంది, చివర ‘మి’ చేరింది. ఇంత స్పష్టంగా ఒక మాట పుట్టుక కళ్లముందు నిలబడటం నిజంగా ఆనందం.

పాత తెలుగులో కూటమికి స్త్రీపురుషుల కలయిక అనే అర్థమూ ఉంది. తాత్కాలికం అన్న ఛాయ మాత్రం ధాతువులో ఎక్కడా లేదు; అది ఎన్నికల వాడుక తెచ్చిపెట్టింది. ఈ నిఘంటువుల లోటు ఇక్కడే బయటపడుతుంది. తెలుగుదేశం, తెరాస, సీపీఐ, సీపీఎం కలిసిన 2009 మహాకూటమి నాటి వాడుక 1991 పుస్తకంలో దొరకదు. పార్టీల మధ్య ఒప్పందం పొత్తు, పొత్తు వల్ల ఏర్పడ్డ బృందం కూటమి అన్న నేటి తేడాకు పత్రికలే దిక్కు.

వ్యుత్పత్తికి అయిదుకు అయిదు. ఇవాళ్టి అర్థానికి రెండు.