నీల్ దీవి వెదురు గుడిసెలు: డబ్బు కట్టేముందు చూసుకోవాల్సినవి

అండమాన్‌లో వీపు సంచీతో తీరిగ్గా గడపాలంటే హేవ్‌లాక్ కంటే నీల్ (2018 నుంచి షహీద్ ద్వీప్) మేలు. దీవి చిన్నది. సైకిల్ అద్దెకు తీసుకుంటే ఆటోల బేరం తప్పుతుంది.

ఇక్కడ చవక బస అంటే తడికల గోడలు, ఆకుల కప్పు, మంచం, దోమతెర, ఫ్యాను. ముందుగా తెర విప్పి వెలుతురులో పట్టి చూడండి. చిరుగులు ఎక్కువగా కుట్ల దగ్గరే ఉంటాయి. రాత్రి అంచులన్నీ పరుపు కిందికి దోపాలి, ఊరికే వేలాడదీస్తే దోమలు ఆగవు. పరుపు ముక్క వాసన కొడితే మొహమాటపడకుండా గుడిసె మార్పించుకోండి. దట్టమైన చెట్ల కింద గాలాడని గుడిసెలో ఉతికిన బట్టలు ఓ పట్టాన ఆరవు. కరెంటు పోతే జనరేటర్ మీద ఫ్యాను తిరుగుతుందా, లైటు ఒక్కటేనా? ఇది తప్పక అడగండి. ఏసీ, వేణ్నీళ్లు కావాలనుకునేవాళ్లకు ఈ గుడిసెలు వద్దు. సముద్రం చాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి బస దొరకదు.

లక్ష్మణ్‌పూర్ రాతి వంతెనకు ఆటు సమయంలోనే వెళ్లాలి. ఆటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్న చూసొచ్చినవాళ్ల టైము నమ్ముకోకండి. దారంతా పదునైన పగడపు రాయి. హవాయి చెప్పులు జారతాయి, పట్టున్న శాండిల్స్ వేసుకోండి. డిసెంబరులో సాయంత్రం 5 గంటలకే పొద్దు వాలిపోతుంది, టార్చి దగ్గరుంచుకోండి.

నగదు పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం)లోనే తీసుకోండి. గాలివాన వస్తే ఫెర్రీలు రద్దవుతాయి కాబట్టి, విమానానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేలా టికెట్లు చేసుకోండి.