ప్రతి వేసవికీ గ్యాస్ ఎక్కించుకున్న మా స్ప్లిట్ ఏసీ గురించి

ఈ ఏసీ మీద నాకున్న కోపమంతా ఒక్క భాగం మీదే: లోపలి యూనిట్‌లో ఉండే కూలింగ్ కాయిల్. మిగతా వాటిలో మంచివి చాలానే ఉన్నాయి, అవీ చెబుతాను, కానీ ఆ కాయిల్ వల్ల ఏటా ఏప్రిల్ వచ్చేసరికి మా ఇంట్లో జరిగిన తంతు చెప్పకుండా ఈ మెషిన్ గురించి రాయడం అనవసరం. కంపెనీ పేరు రాయడం లేదు. ఒకటిన్నర టన్ను, ఇన్వర్టర్ రకం (గది చల్లబడేకొద్దీ కంప్రెసర్ వేగం తగ్గించుకునేది), ఆర్32 గ్యాస్, 2018లో కొన్నాం. అంతకన్నా వివరాలు డబ్బా మీద ఎవరైనా చదువుకోవచ్చు.

మాది నరసాపురం వైపు. ఇంటి వెనక రొయ్యల చెరువులు, వాటి అవతల కొబ్బరితోటలు, మధ్యాహ్నం దాటితే సముద్రం గాలి. ఏసీ కొన్నది మావయ్యగారి గది కోసం. ఆయనకి ఆయాసం, మే నెల ఉక్కలో కూర్చునే తెల్లవారుస్తారు. కాబట్టి మాకు ఏసీ ఆగితే అది రిపేరు మాత్రమే కాదు, ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

కొన్న కొత్తలో చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాను, రాత్రంతా వేసినా కరెంటు బిల్లు అనుకున్నంత రావట్లేదు, చప్పుడు అసలు లేదు, గది చల్లబడగానే అదే నెమ్మదిస్తుంది అని. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను, గ్యాస్ నిండుగా ఉన్నంతకాలం అది నిజమే. గ్యాస్ తగ్గితే మాత్రం ఇదే ఇన్వర్టర్ వల్ల దెబ్బ. పెట్టిన చల్లదనం రాదు, రాదు కాబట్టి కంప్రెసర్ నెమ్మదించదు, తెల్లవార్లూ ఫుల్ స్పీడులో తిరుగుతుంది. తిరిగి వచ్చే చల్లటి గ్యాసే కంప్రెసర్ మరీ వేడెక్కకుండా చూడాలి, అది తక్కువైతే కంప్రెసర్ వేడెక్కుతుంది. గది చల్లబడదు, బిల్లు మాత్రం పెరుగుతుంది.

మొదటి రెండు వేసవులు బాగానే గడిచాయి. ఆ తర్వాత ఏడాది ఏప్రిల్లో గాలి వస్తోంది గానీ చల్లగా లేదు. కంపెనీ తరఫున వచ్చిన మనిషి బయట యూనిట్‌కి గేజ్ (లోపలి ఒత్తిడి చూపే ముల్లు మీటరు) పెట్టి చూసి, “గ్యాస్ అయిపోయిందండి, ఎక్కించేత్తానండి” అన్నాడు. గ్యాస్‌కి 3,000 పైన తీసుకున్నాడు. ఆ సాయంత్రానికి గది గడ్డకట్టేంత చల్లగా ఉంది, మావయ్యగారు పడుకున్నారు, అందరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. మరుసటి వేసవికి మళ్లీ అదే. ఈసారి ఊళ్లో వేరే మెకానిక్కు, అదే గేజ్, అదే మాట, దాదాపు అంతే డబ్బు. “లీకు ఎక్కడుంది బాబూ” అని అడిగితే “నట్టు దగ్గర పోయుంటదండి, బిగించేసానండి” అన్నాడు. ఆ పై ఏడు వేసవి సగం కూడా గడవకుండానే మళ్లీ చల్లదనం పోయింది.

మా అత్తగారు అప్పుడు ఒక మాట అన్నారు: “ఆ పాత ఫ్రిజ్జు మీ పెళ్లికి ముందు నుంచీ ఉంది, దానికి ఎప్పుడైనా గ్యాస్ పోయించామా?” నిజంగా నన్ను ఆలోచింపజేసింది అదే. ఏసీలో గ్యాస్ వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్, బయటి కాయిల్, లోపలి కాయిల్, వాటిని కలిపే రెండు రాగి పైపులు, ఇదంతా మూసేసిన దారి. అందులో పోసింది లోపల ఆవిరవుతూ, బయట మళ్లీ ద్రవంగా మారుతూ తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే. కారే చోటు మూయకుండా గ్యాస్ ఎక్కించడం అంటే పంచరు వేయని ట్యూబుకి గాలి కొట్టడమే. ఇది మెకానిక్కులకి తెలియదని నేననుకోను. వేసవిలో వాళ్లకి రోజుకి ఎన్నో ఇళ్లు, లీకు వెతకాలంటే ఒక పూటో రోజో పడుతుంది, గ్యాస్ ఎక్కించడానికి గంట చాలు. చాలామంది ఇళ్లల్లో “ఏటా గ్యాస్ పట్టించాలి” అనేది సర్వీసింగ్‌లో భాగం అన్నట్టు మాట్లాడుకుంటారు, అది వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ ఏడాది మాకు దొరికిన కుర్రాడి గురించి కాస్త వివరంగా చెబుతాను. ఐటీఐ చదివి, మస్కట్‌లో కొన్నేళ్లు ఏసీల పని చేసి, ఇంటి పని మీద వచ్చి ఇక్కడే ఉన్నాడు. ముందు లోపలి యూనిట్ మూత తీసి కాయిల్ చూశాడు. ఒక పక్కన, సన్న పైపు లోపలికి వచ్చే చోట, తెల్లగా మంచు పేరుకుని ఉంది, మిగతా కాయిల్ పొడిగా ఉంది. “ఫిల్టరు మూసుకుపోతే మొత్తం మంచు కడుతుందండి, ఇలా ఒక మూలే కట్టిందంటే గ్యాస్ తక్కువేనండి” అన్నాడు. నేను గ్యాస్ తెచ్చావా అని అడిగాను. “ఉందండి అక్కగారూ, కానీ ఇప్పుడు వెయ్యనండి. వేస్తే వచ్చే ఏడు మళ్లీ నన్నే పిలవాలండి మీరు” అన్నాడు. అంతకు ముందు ఎవరూ ఆ మాట అనలేదు.

అంతకు ముందు వచ్చిన వాళ్లు ఏసీ ఆపి ఉండగానే గేజ్ పెట్టి “ఇదిగో తక్కువ” అని చూపించేవారు. ఇతను చెప్పింది వేరు. మెషిన్ ఆగి ఉన్నప్పుడు లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నా ముల్లు ఆ పూట ఎండ ఎంతుంటే అంత చూపిస్తుంది, గ్యాస్ ఎంతుందో చూపించదు. ఎంత ఉండాలో ఔట్‌డోర్ మీద అతికించిన ప్లేటులో గ్రాముల్లో రాసి ఉంటుంది, ఉన్నది తీసేసి కాటా మీద తూచి పోసుకోవడమే సరైన లెక్క. ఇన్నేళ్లూ మా ఇంటికి కాటా తెచ్చినవాళ్లు లేరు.

మిగిలిన గ్యాస్‌ని ఖాళీ సిలిండర్‌లోకి తీసుకున్నాడు, గాలిలోకి వదిలేయలేదు. బండి మీద తెచ్చిన నైట్రోజన్ సిలిండర్‌ని రెగ్యులేటర్‌తో కలిపి, గేజ్ ముల్లు 300 దగ్గర నిలబడేదాకా నైట్రోజన్ ఏసీ లైన్లోకి ఎక్కించి (లీకుంటే ఆ ఒత్తిడి పడిపోతుంది), వాల్వు మూసి, గేజ్ అలాగే ఉంచి వెళ్లిపోయాడు. “రాత్రి చల్లదనానికి పది పాయింట్ల లోపు తగ్గుతుందండి, అది లీకు కాదండి” అని చెప్పి మరీ వెళ్లాడు. ఆ రాత్రి మావయ్యగారిని హాల్లో కూలర్ దగ్గర పడుకోబెట్టాం, చాలా ఇబ్బంది పడ్డారు, కూలర్ నీటి తడికి మా ఊరి గాలిలో తేమ కూడా తోడై ఊపిరి ఆడలేదాయనకి. పొద్దున్నే నేనే వెళ్లి గేజ్ చూశాను. ముల్లు 200 దాటి కిందికి దిగిపోయింది.

తర్వాత లోపలి యూనిట్‌నీ, పైపులనీ, బయటి యూనిట్‌నీ విడదీసి వేరువేరుగా నైట్రోజన్ పట్టించాడు. పైపులు నిలబడ్డాయి, బయటిది నిలబడింది. లోపలిది నిలబడలేదు. అంటే ఇంతకాలం బిగించిన నట్ల తప్పు లేదు. లోపలి యూనిట్ దింపి, కాయిల్ ఊడదీసి, పెరట్లో బట్టలు ఉతికే దగ్గర ఉన్న సిమెంటు తొట్టి నిండా నీళ్లు పట్టించి, నైట్రోజన్ గొట్టంతో సహా ముంచాడు. మొదట కాయిల్ మీది పల్చటి రేకుల రెక్కల మధ్య చిక్కుకున్న గాలి బుడబుడమని పైకి వచ్చింది, అది ఆగేదాకా ఆగమన్నాడు. నీళ్లు తేటపడ్డాక చూస్తే కుడి చివర నుంచి సన్న బుడగల తీగ ఒకటి, ఆవగింజంత బుడగలు, ఒకదాని వెనక ఒకటి, ఆగకుండా. అక్కడే రెక్కల మీద నల్లటి జిడ్డు మరక కూడా ఉంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కాస్త కాస్త బయటికొచ్చి దానికి దుమ్ము అంటుకుంటే అలా అవుతుందట. దాన్ని చూసి బ్రేజింగ్ (మంటతో లోహం కరిగించి చిల్లు అతకడం) పెట్టించేద్దాం అనుకుంటూ ఉండగా, మధ్య వరసలో రెక్కల లోపల నుంచి ఇంకొకటి మొదలైంది. మావయ్యగారు కూడా కర్ర పట్టుకుని వచ్చి తొట్టి దగ్గర నిలబడి చూశారు.

రెండో బుడగ చూశాక అతను బ్రేజింగ్ మంట పెట్టే టార్చి తీయలేదు. ఒక చిల్లు అయితే అతుకుతుంది, తుప్పు కాయిల్‌ని తింటూ పోతుంటే ఇవాళ రెండు, వచ్చే ఏడు నాలుగు అన్నాడు. రాగి పైపులో ఇలా సూదిమొన చిల్లులు రావడాన్ని చీమల పుట్ట తుప్పు అంటారని తర్వాత తెలుసుకున్నాను, పైకి ఏమీ కనబడకుండా లోహంలో సొరంగాలు పడతాయి. తేమ, గాలి, వాటికి తోడు ఫార్మిక్, ఎసిటిక్ లాంటి ఆమ్లాల ఆవిర్లు కలిస్తే వస్తుంది. అవి కొత్త ప్లైవుడ్ జిగురు నుంచీ, పెయింటు నుంచీ, కొన్ని క్లీనింగ్ మందుల నుంచీ కూడా రావచ్చు. ఏసీ బిగించిన ఏడాదే ఆ గదిలో గోడ పొడుగునా ప్లైవుడ్ బీరువాలు చేయించాం, తలుపులు మూసి ఏసీ వేస్తే కొన్ని నెలలు ఆ వాసన పోలేదు. నా అనుమానం దాని మీదే. “పూర్తి రాగి కాయిల్, తీరప్రాంతానికి తిరుగులేదు” అని షోరూములో చెప్పింది విని అప్పట్లో నేనూ అందరికీ రాగే కొనమన్నాను. రాగి మంచిదే, బ్రేజింగ్ అతుకుతుంది, బయటి యూనిట్‌లో మా ఉప్పు గాలికి బాగానే తట్టుకుంది. కానీ రాగి అయినంత మాత్రాన లోపలి కాయిల్‌కి ఏమీ కాదన్నది నిజం కాదు.

ఇక వారంటీ. పదేళ్లు అని పెద్ద అక్షరాలతో ఉన్నది కంప్రెసర్‌కి మాత్రమే. కంప్రెసర్ నిక్షేపంలా ఉంది. కాయిల్‌కీ గ్యాస్‌కీ మొదటి ఏడాదే. కొత్త కాయిల్ 9,000 దాకా అయింది, అది వచ్చేదాకా చాలా రోజులు ఎదురుచూశాం, మంచి వేసవిలో. ఇంతకు ముందు ఎక్కించిన గ్యాస్ డబ్బులన్నీ కలిపితే కాయిల్ ఖర్చులో సగానికి పైనే. మొదటిసారి వచ్చిన మనిషే లీకు టెస్టు చేసి ఉంటే ఆ డబ్బంతా మిగిలేది, మావయ్యగారికి అన్ని రాత్రుల అవస్థ తప్పేది. నాకు కోపం అందుకు.

కాయిల్ వచ్చాక మళ్లీ నైట్రోజన్ పట్టించి ఒక రాత్రి ఉంచాడు, ముల్లు నిలబడింది. అప్పుడు వాక్యూమ్ పంపు, అంటే లైన్లోని గాలినీ తేమనీ బయటికి లాగేసేది. మామూలుగా ఇక్కడ చాలామంది కాస్త గ్యాస్ వదిలి దాంతోనే గాలి తోసేస్తారు, పంపు తేరు. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ, ఆర్32 మెషిన్లలో వాడే నూనె ఆ తేమని ఇట్టే పీల్చుకుంటుంది, తర్వాత అదే లోపల ఆమ్లమై కూర్చుంటుంది. పంపు గంటకి పైగా నడిచింది. ఆ తర్వాత సిలిండర్‌ని కాటా మీద పెట్టి, ప్లేటు మీద రాసినంతా, మా పైపు పొడుగుకి ఇంకొంచెమూ తూచి వేశాడు. అన్నట్టు ఆర్32 మండే గుణం ఉన్న గ్యాస్, పాత ఆర్22 లాంటిది కాదు, గ్యాస్ ఉన్న లైను మీద ఎవరైనా టార్చి పెట్టబోతే ఆపేయండి. అలాగే టెస్టుకి నైట్రోజన్ తప్ప ఆక్సిజన్ వాడనివ్వకూడదు, నూనె తగిలితే పేలుతుంది.

ఆ తర్వాత నుంచి గ్యాస్ ముట్టుకోవాల్సిన పని రాలేదు. బిల్లు మళ్లీ కొత్తలో ఉన్నంతకి దిగింది. బయటి యూనిట్ రెక్కల మీద ఉప్పు తెల్లగా పేరుకుంటుంది, మెయిన్ ఆపేసి మోటారు నీళ్లతో, వడి తక్కువ పెట్టి నేనే కడుగుతుంటాను. స్టెబిలైజర్ అక్కర్లేదన్న మాట మా వీధికి పనిచేయదు, చెరువుల మీద ఏరేటర్లన్నీ (నీళ్లలోకి గాలి కలిపే మోటార్లు) తిరిగే రాత్రి వేళ ఓల్టేజీ బాగా పడుతుంది, పెట్టించుకున్నాం. డ్రెయిన్ పైపులో పాచి పట్టి వానాకాలం గోడ తడుస్తుంది, ఊదితే పోతుంది, దాన్ని లోపంగా లెక్కేయను.

కాబట్టి ఈ ఏసీ మంచిదా అంటే మాకు ఇప్పుడు మంచిదే. తణుకు వైపో తాడేపల్లిగూడెం వైపో, సముద్రానికి దూరంగా, రోజుకి రెండు మూడు గంటలు వేసుకునే వాళ్లకి ఈ గొడవే రాకపోవచ్చు. మాలాగా మూసిన గదిలో రాత్రంతా నడిపేవాళ్లకి, నైట్రోజన్ సిలిండరూ వాక్యూమ్ పంపూ కాటా ఉన్న మనిషి దగ్గర్లో ఉంటేనే కొనమంటాను. మా కుర్రాడు వీసా వచ్చి మళ్లీ మస్కట్ వెళ్లిపోయాడు. ఇప్పుడు ఊళ్లో ఫోన్ చేసి ముందు “నైట్రోజన్ ఉందా” అని అడుగుతున్నాను, “ఎందుకండీ, గ్యాస్ వేసేత్తే సరిపోద్ది కదండీ” అనేవాళ్లని రమ్మనడం లేదు. పాలకొల్లులో ఒకాయన ఉందన్నాడు, ఆయన నంబరు ఫ్రిజ్జు మీద అంటించాను. మేడ మీద గదికి ఇంకొకటి కొనాలి, ఇదే కంపెనీ తీసుకుంటానేమో కూడా, కానీ లోపలి కాయిల్‌కి ఎన్నేళ్లో కాగితం మీద రాసి ముద్ర వేసి ఇచ్చే షాపులోనే.