లేసు ఫొటోలు చూసుకోవడానికి డాల్ఫిన్ ఎలా ఉందంటే

మాది నరసాపురం లేసు వ్యాపారం. పాలకొల్లు, మొగల్తూరు వైపు ఊళ్ళలో ఆడవాళ్ళు ఇంటి దగ్గర అల్లిన టేబుల్ క్లాతులు, గుండ్రటి మ్యాట్లు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపిస్తారు, అవన్నీ చివరికి చేరేది నా కంప్యూటర్లోకి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయాక ఆ పాత సిస్టమ్‌లోనే కుబుంటు వేయించాం, అది విండోస్ బదులు వాడుకునే ఒక లినక్స్ రకం. దాంతో పాటు వచ్చిన ఫైల్ మేనేజర్, అంటే ఫోల్డర్లు తెరిచి చూసుకునే ప్రోగ్రామ్, ఈ డాల్ఫిన్, పైసా ఖర్చు లేదు.

లేసు ఫొటోలతో గొడవేంటంటే అన్నీ తెలుపే. చిన్న సైజులో ఫోల్డర్ తెరిస్తే చాప మీద అప్పడాలు ఆరబోసినట్టు ఉంటుంది, ఏది గులాబీ డిజైనో ఏది అనాసపండు డిజైనో దేవుడికి తెలియాలి. డాల్ఫిన్‌లో కింద కుడి మూలన ఒక స్లైడర్ ఉంటుంది, దాన్ని జరిపితే బొమ్మ 16 పిక్సెళ్ళ నుంచి 256 దాకా పెరుగుతూ పోతుంది. కంట్రోల్ నొక్కి పట్టుకుని మౌస్ వీల్ తిప్పినా అంతే, కంట్రోల్ సున్నా కొడితే మామూలు సైజుకి వచ్చేస్తుంది. స్లైడర్ కనపడకపోతే కింద స్టేటస్ బార్ మీద రైట్ క్లిక్ కొట్టి చూడండి, దాన్ని చూపించే ఆప్షన్ అక్కడే ఉంటుంది. మా అత్తగారు పక్కన కుర్చీ వేసుకుని "ఇంకాస్త పెద్దది చెయ్యమ్మా" అంటుంటే నేను వీల్ తిప్పుతూ ఉంటాను, ఒక సైజు దగ్గర ఆవిడే "ఆఁ, చాలు, ఈ అంచు మెలికలు సమంగా లేవు, ఇది పక్కన పెట్టు" అంటారు. ఫొటో తెరవకుండానే అంచు అల్లిక తప్పు దొరుకుతోందంటే నాకు ఇంకేం కావాలి!

విండోస్‌లోనూ కంట్రోల్, వీల్ పనిచేస్తాయి లెండి, కంట్రోల్ షిఫ్ట్ 1 కొడితే అన్నిటికన్నా పెద్ద ఐకాన్లు వస్తాయి. కానీ ఎప్పుడూ కళ్ళ ముందుండే స్లైడర్ సుఖం వేరు, షార్ట్‌కట్‌లు గుర్తుండని మా ఇంట్లో వాళ్ళకు మరీను.

256 కూడా చాలకపోతే ఎఫ్11 నొక్కండి, కుడివైపు ఒక ప్యానెల్ తెరుచుకుని, ఎంచుకున్న ఫొటోని పెద్దదిగా చూపిస్తుంది, ప్యానెల్ అంచు పట్టుకుని లాగితే ఇంకా వెడల్పవుతుంది. ఎఫ్3 కొడితే విండో రెండు భాగాలవుతుంది. ఒకవైపు ఆర్డర్ ఇచ్చినాయన పంపిన నమూనా, ఇంకోవైపు మనవాళ్ళు అల్లినవి పెట్టుకుని పోల్చుకోవడం నా రోజువారీ పని.

ఇక చిరాకు సంగతి. సెట్టింగ్స్‌లో ప్రివ్యూల దగ్గర, ఇన్ని ఎంబీలు దాటిన ఫైళ్ళకు ప్రివ్యూ వద్దు అని చెప్పే గడి ఒకటుంది. అక్కడ అంకె తక్కువగా ఉంటే పెద్ద కెమెరాతో తీసిన ఫొటోలకు బొమ్మ బదులు ఉత్త ఐకాన్ వస్తుంది, స్లైడర్ ఎంత లాగినా ఆ ఐకానే పెద్దదవుతుంది. నెట్‌వర్క్‌లో ఉన్న వేరే కంప్యూటర్ ఫోల్డర్లకు ఇంకో గడి, దాన్ని కూడా చూసుకోవాలి. కొత్తవాళ్ళు ఇక్కడే ఆగిపోయి ఫొటోలు పాడైపోయాయని టెన్షన్ పడతారు. సైజు దాటింది కాబట్టి బొమ్మ రాలేదన్న మాట ఫోల్డర్లోనే ఎక్కడో చిన్నగా చూపిస్తే డాల్ఫిన్ తయారుచేసినవాళ్ళ సొమ్మేం పోయిందో.

ఫోల్డర్ పేరు మార్చినా, వేరే చోటికి జరిపినా చిన్న బొమ్మలన్నీ మళ్ళీ మొదటి నుంచి తయారవుతాయి, ఎందుకంటే ఆ బొమ్మలను ఫైలు ఉన్న చోటుని బట్టి గుర్తుపెట్టుకుంటుంది. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న మా సిస్టమ్‌లో పెద్ద ఫోల్డరైతే అవి ఒక్కొక్కటే తేలుతుంటాయి, ఈలోపు టీ తాగి రావచ్చు. హోమ్ ఫోల్డర్లో దాచి ఉండే డాట్ క్యాష్ అనే ఫోల్డర్ లోపలి థంబ్‌నెయిల్స్‌లో ఇవి పేరుకుంటాయి. డిస్క్ నిండిపోతుంటే అక్కడ తుడిచేయొచ్చు, అసలు ఫొటోలకు ఏమీ కాదు.

మింట్, ఉబుంటు లాంటి వేరే లినక్స్‌లు వాడేవాళ్ళు కూడా డాల్ఫిన్‌ని వేసుకోవచ్చు, కాకపోతే దీన్ని తయారుచేసే కేడీఈ వాళ్ళ సామాన్లు బోలెడు వెంట దిగుతాయి. వీడియోలకు కూడా బొమ్మ కావాలంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌థంబ్స్ అనే ప్యాకేజీ విడిగా వేసుకోండి. ఊరికే పాటలు, పీడీఎఫ్‌లు దాచుకునేవాళ్ళకు ఇంత అక్కర్లేదు, ఉన్నదానితో సరిపెట్టుకోండి. మాలాగా చూసి ఏరుకునే పని ఉన్నవాళ్ళకైతే ఐదుకి నాలుగిస్తాను, ఆ ఒకటీ ఎంబీల గడికి కోశాను.