పది అడుగుల బల్ల మీద గూడ్స్ యార్డు: ఏది మేలు?

తిరుపతిలోనూ చిత్తూరులోనూ మోడల్ రైల్వే సరదా ఉన్న మిత్రులు కలిసినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటే: "పది అడుగుల బల్ల ఉంది, గూడ్స్ యార్డు పెట్టాలి, ఎన్ని లైన్లు వేయమంటారు?" ఈ మధ్య నేనూ అదే కొలత బల్ల మీద యార్డు పని మొదలుపెట్టాను కాబట్టి నేను ఏది ఎంచుకున్నానో, ఎందుకు ఎంచుకున్నానో రాస్తున్నాను. ట్రాక్ పరచడం, వైరింగు వంటివి మీకు తెలిసినవే అనుకుని నేరుగా అసలు విషయంలోకి వెళ్తాను.

లైన్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు లారీ సంగతి తేల్చండి. ఇదే నా మొదటి మాట. గూడ్స్ యార్డులో సరుకు రైలు దిగి లారీ ఎక్కుతుంది, లేదా లారీ దిగి రైలు ఎక్కుతుంది. ఆ లారీ ఏ గేటులోంచి వస్తుంది? వెనక్కి ఎలా తిరుగుతుంది? తన వంతు వచ్చేదాకా ఎక్కడ ఆగుతుంది? వీటికి బల్ల మీద చోటు చూపించలేకపోతే ఎంత ఖరీదైన పట్టాలు వేసినా అది వ్యాగన్లు నిలిపి ఉంచే చోటుగానే కనిపిస్తుంది. యార్డు నిజమైనదిగా అనిపిస్తుందా, లేదా అన్నది నా దృష్టిలో ఇక్కడే తేలిపోతుంది. కింద చెప్పే రకాలన్నింటినీ ఈ గీటురాయి మీదే చూశాను.

మొదటిది ఐదారు లైన్ల మార్షలింగ్ యార్డు, అంటే వచ్చిన వ్యాగన్లను విడదీసి కొత్త రైళ్లుగా కూర్చే చోటు. పాత ఫొటోలు చూసి చాలామంది మనసు పడేది దీని మీదే. రకరకాల వ్యాగన్లు పక్కపక్కన నిలుస్తాయి, షంటింగ్‌కు, అంటే వ్యాగన్లను లైన్లు మార్చే పనికి, అంతు ఉండదు. ఆ ఆకర్షణను తక్కువ చేయను. అయితే టేపు పట్టుకుని కొలిస్తే సంగతి మారిపోతుంది. బ్రాడ్ గేజిలో కొత్తగా వేసే రెండు లైన్ల మధ్య ఎడం, ట్రాక్ నడిమి నుంచి నడిమికి, కనీసం 5.3 మీటర్లు. హెచ్‌ఓ స్కేల్లో, అంటే 87వ వంతులో, అది 61 మిల్లీమీటర్లు. రైలు ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లే చోటే పాయింటు. మన యార్డుల్లో తరచుగా కనిపించేది 1 ఇన్ 8.5 పాయింటు, అంటే పక్కకు ఒక వంతు జరగాలంటే ముందుకు ఎనిమిదిన్నర వంతులు పోవాలి. ఒక లైను నుంచి పక్క లైనుకు చేరేసరికి 61కి ఎనిమిదిన్నర రెట్లు, దాదాపు 52 సెంటీమీటర్ల పొడవు ఖర్చవుతుంది. ఐదు లైన్లంటే అలాంటి ఎడాలు నాలుగు. పాయింట్లకే రెండు మీటర్లు పోయాయి, పది అడుగుల బల్లలో మిగిలింది ఒక్క మీటరు! మార్కెట్లో దొరికే 12 డిగ్రీల పాయింట్లు వాడితే ఎడానికి 29 సెంటీమీటర్లతో సరిపెట్టవచ్చు. అప్పుడు కూడా మీటరుకు పైగా పాయింట్లకే పోతుంది. వెడల్పంతా లైన్లే ఆక్రమిస్తాయి, లారీకి చోటే ఉండదు.

కాలం సంగతి కూడా చూడాలి. 1980ల నుంచి రైల్వే విడి వ్యాగన్ల బుకింగును తగ్గించుకుంటూ పూర్తి రేక్‌ల (ఒకే రైలుగా కలిసి కదిలే వ్యాగన్ల వరుసల) పద్ధతికి మళ్లింది. రేక్ మొత్తం ఒకే సరుకు, ఒకే రకం వ్యాగన్లు; ఒక చోట నింపితే మరో చోట ఖాళీ చేయడమే. దారిలో విడదీసి మళ్లీ కూర్చే పని తగ్గిపోవడంతో మార్షలింగ్ యార్డుల అవసరమూ తగ్గిపోయింది. అందుకే రకానికొకటి చొప్పున వ్యాగన్లను ఐదు లైన్ల మీద నిలిపి, పక్కనే ఈ కాలపు డబ్ల్యూఏజీ-9 విద్యుత్ ఇంజిన్ పెడితే రైళ్లు తెలిసినవారి కంటికి అతకదు.

ఈ రకమే కావాలనుకునేవారు మీటర్ గేజి కాలానికి వెళ్లడం మంచిది. కాట్పాడి నుంచి చిత్తూరు, పాకాల, తిరుపతి మీదుగా గూడూరు వెళ్లే లైనూ, పాకాల నుంచి ధర్మవరం వెళ్లే లైనూ గేజి మార్పిడి జరిగేదాకా మీటర్ గేజివే. గూడూరు లైను రేణిగుంటలో మద్రాసు–బొంబాయి బ్రాడ్ గేజి లైనును కలిసేది. గేజి మారే చోట సరుకును ఒక వ్యాగన్‌లోంచి మరో వ్యాగన్‌లోకి మనుషులే మార్చాలి. అక్కడ లారీ పని రెండో గేజి వ్యాగనే చేస్తుంది కాబట్టి నా అభ్యంతరం కూడా తీరిపోతుంది. 87వ వంతులో మీటర్ గేజికి 12 మిల్లీమీటర్ల ట్రాక్ సరిపోతుంది. ఒక పక్క బ్రాడ్ గేజి నాలుగు చక్రాల సీఆర్‌టీ వ్యాగన్లు, మరో పక్క వైడీఎం-4 డీజిల్ ఇంజిన్, మధ్యలో బెల్లం, వేరుసెనగ బస్తాలు. ఓపిక ఉన్నవారు దీన్ని కడితే చూడాలని నాకూ ఉంది.

రెండోది గూడ్స్ షెడ్డు. నేను ఎంచుకున్నది ఇదే. ఎరువుల వ్యాపారులు రేక్ పాయింట్ అని పిలిచేది ఇలాంటి చోటునే. దీనికి రెండు లైన్లు చాలు. నా బల్ల వెడల్పు రెండు అడుగులు. వెనక అంచు నుంచి 6 సెంటీమీటర్లు వదిలి మొదటి లైను, మరో 6 సెంటీమీటర్లకు రెండో లైను, దాని నడిమి నుంచి 19 మిల్లీమీటర్లకు ప్లాట్‌ఫాం అంచు. ప్లాట్‌ఫాం వెడల్పుకు 14 సెంటీమీటర్లు ఇచ్చాను, అసలు కొలతలో 12 మీటర్లన్నమాట. మిగిలిన 33 సెంటీమీటర్లూ లారీలవే. బల్ల వెడల్పులో సగానికి పైగా పట్టాలు లేని నేల అని చెబితే మిత్రులు నమ్మలేదు, వచ్చి చూశాక ఒప్పుకున్నారు.

లెక్క ఇది. పది చక్రాల లారీ సుమారు 9 మీటర్లు, మన స్కేల్లో 10 సెంటీమీటర్లు. అది వెనక తలుపు ప్లాట్‌ఫాంకు ఆనించి నిలవాలి, దాని ముందు నుంచి మరో లారీ దాటిపోవాలి. 20 సెంటీమీటర్లకు తగ్గితే ఇది కుదరదు. 30 దాటితే వేబ్రిడ్జి, టీ కొట్టు, వేపచెట్టు కింద వంతు కోసం ఆగిన రెండు లారీలు కూడా పడతాయి. లారీలను ప్లాట్‌ఫాంకు సమాంతరంగా వరుసగా నిలిపి చోటు ఆదా చేద్దామని కొందరు అంటారు. అలా కూడా సరుకు దించుతారు, నిజమే. కానీ వెనక్కి వచ్చి ఆనిన లారీని చూస్తేనే సరుకు ఎటు నుంచి ఎటు పోతోందో ఒక్క చూపులో అర్థమవుతుంది.

గూడ్స్ ప్లాట్‌ఫాం ఎత్తు పట్టాల పైనుంచి గరిష్ఠంగా 1065 మిల్లీమీటర్లు, హెచ్‌ఓలో 12. ప్యాసింజర్ ప్లాట్‌ఫాం కోసం అమ్మే ముక్కలు ఇక్కడ వాడవద్దు, ఎత్తు తేడా తెలిసిపోతుంది. వ్యాగన్ నేల, ప్లాట్‌ఫాం, లారీ తొట్టి దాదాపు ఒకే మట్టంలో ఉండటం వల్లే హమాలీ బస్తా ఎత్తుకుని వంగకుండా నడిచిపోగలుగుతాడు.

బస్తాల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే చూసేవారి కన్ను ముందు వాటి మీదే పడుతుంది. సిమెంటు బస్తా 50 కిలోలు, యూరియా బస్తా 45 కిలోలు; మన స్కేల్లో ఏదైనా ఏడెనిమిది మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. ఎం-సీల్‌ను సన్నని కడ్డీలా చేసి, కొంచెం చదును చేసి, ఆ కొలతకు ముక్కలు కోయండి. అవి పచ్చిగా ఉండగానే ఒకదాని మీద ఒకటి పేర్చి వేలితో మెల్లగా నొక్కితే కింది బస్తా పైదాని బరువుకు నలిగి అంచులు బయటికి ఉబుకుతాయి. ఆరిన తర్వాత పేరిస్తే ఇటుకల్లా బిగుసుకుని కనిపిస్తాయి. ఒక బస్తాను కావాలనే చింపి, దాని కింద చిటికెడు సిమెంటు చల్లండి.

నేలకు మన ఎర్రమట్టే వాడాను. ఎండబెట్టి, టీ జల్లెడలో జల్లించి, అందులో అయస్కాంతం తిప్పితే ఇనుప రేణువులు బయటికి వస్తాయి. ఈ పని తప్పనిసరి, లేకపోతే అవి ఇంజిన్ మోటారులోకి చేరతాయి. తర్వాత నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం వేసి డ్రాపరుతో తడపాలి. మెయిన్ లైను మీద కంకర పదునుగా కనిపించాలి, సరుకు దించే లైనులో స్లీపర్లు దాదాపు మట్టిలో కప్పుకుపోవాలి. పట్టాల ఎత్తు మీద శ్రద్ధ ఉన్నవారు కోడ్ 75 పట్టా తీసుకోండి. దాని ఎత్తు 1.9 మిల్లీమీటర్లు. మన మీటరుకు 52 కిలోల పట్టా ఎత్తు 156 మిల్లీమీటర్లు, 60 కిలోలది 172; కోడ్ 75 ఈ రెంటి మధ్య సరిపోతుంది. కోడ్ 100 పట్టా అసలు కొలతలో 221 మిల్లీమీటర్లవుతుంది. బురద పట్టిన సైడింగ్‌లో (మెయిన్ లైను నుంచి విడిపోయే పక్క లైనులో) అది మరీ ఎత్తుగా తేలుతుంది.

మరి హెచ్‌ఓనా, ఇంకా చిన్నదైన ఎన్ స్కేలా (160వ వంతు)? రేక్ పొడవే ముఖ్యమైతే ఎన్ స్కేలే గెలుస్తుంది, ఇందులో వాదన లేదు. బస్తాల సరుకు మోసే కప్పున్న బీసీఎన్‌హెచ్‌ఎల్ వ్యాగన్ పొడవు సుమారు 10.96 మీటర్లు, పూర్తి రేక్‌కు 58 వ్యాగన్లు. ఇంజిన్, బ్రేక్ వ్యాన్ వదిలేసినా హెచ్‌ఓలో అది 7.3 మీటర్లు, ఎన్‌లో దాదాపు 4. షెడ్డు లైను సరిపోని చోట్ల రైల్వే రేక్‌ను రెండు సగాలు చేసి ఒకదాని తర్వాత ఒకటి పెడుతుంది. ఎన్ స్కేల్లో ఆ సగం రేక్, 29 వ్యాగన్లు, రెండు మీటర్లలో పడుతుంది. పది అడుగుల బల్ల మీద అది నిజంగా గొప్ప దృశ్యం. కానీ ఎన్‌లో లారీ ఐదున్నర సెంటీమీటర్లే, మనిషి సెంటీమీటరు ఎత్తు, బస్తా ఐదు మిల్లీమీటర్ల లోపే. బస్తా మోస్తున్న మనిషి భుజం ఎటు వంగిందో హెచ్‌ఓలో తెలుస్తుంది, ఎన్‌లో తెలియదు. నాకు లారీ వైపే ముఖ్యం కాబట్టి తొమ్మిది వ్యాగన్లతో సర్దుకుని హెచ్‌ఓకే వెళ్లాను. హెచ్‌ఓ ట్రాక్ 16.5 మిల్లీమీటర్లు, మన బ్రాడ్ గేజి లెక్కకు 19 పైన ఉండాలి. మట్టిలో మునిగిన సైడింగ్‌లో ఈ తేడా కంటికి అంతగా ఆనదు.

మూడోది ప్రైవేటు సైడింగ్: ధాన్యం గోదాములు, సిమెంటు కంపెనీ, పెట్రోలు డిపో. బల్ల వెడల్పు ఒక అడుగే ఉన్నవారికి నేను ఇదే చెబుతాను. గోదాము గోడను వెనక తెరకు ఆనించి కడితే లారీలు గోడ అవతల ఉన్నాయని చూసేవారే ఊహించుకుంటారు. పెట్రోలు డిపోలో బీటీపీఎన్ ట్యాంకు వ్యాగన్ల పక్కన గొట్టాల వరుస, కంచె, నీళ్ల హైడ్రెంట్లు ఉంటే చాలు, పని శుభ్రంగా త్వరగా అయిపోతుంది. లోటు ఒకటే. ఒకే రకం వ్యాగన్, ఒకే పని, మనుషుల సందడి ఉండదు.

కంటైనర్ డిపోకు క్రేన్లు తిరిగే పెద్ద కాంక్రీటు నేల కావాలి, రెండు అడుగుల వెడల్పులో అది వద్దు. పాల సైడింగ్ అడిగినవారికి: 2020 మార్చిలో రేణిగుంట నుంచి హజ్రత్ నిజాముద్దీన్‌కు మొదలైన దూద్ దురంతో మంచి ఆధారం, వ్యాగన్లు కూడా కొద్దిగానే కావాలి. మంగంపేట ముగ్గురాయి వంటి ఖనిజం కావాలంటే ప్లాట్‌ఫాం తీసేసి, నేల మట్టం మీదే కుప్పలు పోసి, జేసీబీతో బాక్స్‌ఎన్ వ్యాగన్లు నింపుతున్నట్టు కట్టవచ్చు. అప్పుడు ఆ లైను మీద కరెంటు తీగ మాత్రం వేయకండి. పైనుంచి తెరిచిన వ్యాగన్లు నింపే చోట తీగ ముందే ఆగిపోవాలి, ఇంజిన్ వెనక నుంచి వ్యాగన్లను లోపలికి నెట్టాలి.

సరుకు లైనును రెండు చివర్లా కలపాలా, ఒక చివర డెడ్ ఎండ్ పెట్టాలా అన్నది మిగిలిన ప్రశ్న. పది అడుగులకు డెడ్ ఎండే మేలు. తొమ్మిది బీసీఎన్‌హెచ్‌ఎల్ వ్యాగన్లకు 1.13 మీటర్ల షెడ్డు లైను, పాయింటుకు 30 సెంటీమీటర్లు, మొదటి సగాన్ని బయటికి లాగి రెండో సగాన్ని లోపలికి నెట్టడానికి ఇవతల మరో 1.13 మీటర్లు, డబ్ల్యూడీజీ-4 డీజిల్ ఇంజిన్‌కు 24 సెంటీమీటర్లు. మొత్తం 2.8 మీటర్లు. రెండో చివర కూడా పాయింటు పెడితే రెండు మూడు వ్యాగన్ల చోటు పోతుంది. బల్ల పన్నెండు అడుగులు దాటినవారు పెట్టుకోవచ్చు. నా బల్ల మీద మిగిలిన 25 సెంటీమీటర్లను డెడ్ ఎండ్ అవతల లారీల గేటుకు ఇచ్చాను.