పగడపు దీవి బడికి ఏ బ్యాటరీ: లెడ్ యాసిడా, లిథియమా?

పసిఫిక్ సముద్రంలోని చిన్న దేశాలు కిరిబాటి, తువాలు. వాటి మారుమూల దీవుల బళ్లలో సోలార్ పెడితే ప్యానెళ్లతో పెద్ద తలనొప్పి ఉండదు. ఉప్పుగాలికి తుప్పు పట్టని స్టాండ్లు ఉంటే చాలు. అసలు టెన్షనంతా బ్యాటరీతోనే.

మన ఇళ్లలో ఇన్వర్టర్‌కి తగిలించే లెడ్ యాసిడ్ కొనేటప్పుడు చవకే. కానీ 12 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లది ఒక్కోటి దాదాపు 30 కిలోలు. ఓడ నుంచి చిన్న పడవలోకి, అక్కణ్నుంచి ఒడ్డుకు మోయాలి. ఛార్జ్ సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. 25 డిగ్రీలు దాటాక, ప్రతి 10 డిగ్రీల వేడికి ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ సంగతి సరేసరి. సెలవుల్లో బడికి తాళం వేస్తే ఎవరు పోస్తారు?

లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కి ఆ చాకిరీ లేదు. బరువు సగం కూడా ఉండదు, 80 శాతం దాకా వాడుకోవచ్చు. ధర మాత్రం ఎక్కువ. పైగా ఛార్జింగ్‌ని అదుపు చేస్తూ బ్యాటరీని కాపాడే లోపలి బీఎంఎస్ బోర్డు పోతే మళ్లీ ఓడ వచ్చేదాకా చీకటే.

అయినా నా ఓటు లిథియానికే, ఒక పెద్దది కాకుండా రెండు చిన్నవి, ఒకటి పోయినా రెండోది ఉంటుంది. పాత లెడ్ బ్యాటరీలను తిరిగి ఓడెక్కించకపోతే ఆ విషం చేరేది ఇసుక కింద పలచగా ఉండే మంచినీటి పొరలోకే.